ఒక ఇల్లు, ఒక ఫోను

డేటాబేస్ పాఠాలు చెప్పే ఇలియాస్ సార్‌కు బోర్డు మీద తప్పు దిద్దే అలవాటు లేదు. తప్పు రాసినవాళ్లను ఎక్కడికో పంపిస్తారు. హనుమకొండలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు అలా తిట్టుకుంటూ వెళ్లినవాళ్లే.

ఆ రోజు వంతు భవితది. ఆసుపత్రి రోగుల వివరాలు దాచే పట్టిక, అంటే టేబుల్, తయారు చేయమంటే, క్రియేట్ టేబుల్ అనే ఆదేశంతో మొదలుపెట్టి, ఫోన్ నంబరును ప్రైమరీ కీ చేసింది. అంటే ఒక నంబరు మీద ఒక్క మనిషే ఉండాలి. అదే నంబరుతో రెండో మనిషి వస్తే టేబుల్ రానివ్వదు. సార్ ఆ వరుస దగ్గర ఆగిపోయారు.

"ఏం తప్పుంది సార్? ఈ రోజుల్ల ఫోన్ లేనోళ్లు ఎవరున్నరు?" అంది భవిత.

"రేపు పొద్దుగాల డయాలసిస్ సెంటర్‌కు పో. కౌంటర్ పక్కన కూసో," అన్నారు సార్.

అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరు తిప్పడం ఏం పాఠమని ఆమెకు ఒళ్లు మండింది. అయినా వెళ్లింది.

కౌంటర్ ముందు రాజవ్వ అనే ఆవిడ నిలబడి ఉంది. వెనక బెంచీ మీద ఆమె భర్త ఓదెలు, పొంగిన కాళ్లతో, ఆయాసపడుతూ కూర్చున్నాడు. క్లర్కు ఆయన వివరాలు కొడితే కంప్యూటర్ తిప్పికొట్టింది. ఆ నంబరు మీద రోగి ముందే ఉన్నాడట. ఆ ఉన్నది ఓదెలు వాళ్ల అన్న, కొమురయ్య. ఆయనకూ ఇదే జబ్బు, ఆయనా ఇక్కడికే వస్తాడు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను.

క్లర్కు తల కూడా ఎత్తలేదు. "మీ బావ పేరు తీసేస్తె ఈయన పేరు ఎక్కుతది. ఏం జెయ్యాల్నో చెప్పు."

రాజవ్వ అరచేత్తో కౌంటర్ మీద చరిచింది. "తీసేస్తవా? ఇద్దర్ల ఎవల్ని సావుమంటవ్? నువ్వే చెప్పు! ఫోను ఒక్కటుంటె పానం గూడ ఒక్కటే ఉంటదా?"

"నా చేతుల ఏం లేదమ్మా, సిస్టమే తీసుకుంటలేదు," అని క్లర్కు నసిగాడు.

భవితకు రక్తం మరిగింది. ఈ టేబుల్ రాసినవాడెవడో కనబడితే చెంప పగలగొట్టాలనుకుంది. ఏసీ గదిలో కూర్చుని, అందరి ఇళ్లూ తన ఇల్లులాగే ఉంటాయనుకుని, మనిషి ప్రాణం మీదికి తెచ్చాడు దరిద్రుడు! ఆ తిట్టు ఇంకా నోట్లో ఉండగానే, నిన్న తను రాసింది అచ్చం ఇదేనని తట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లేచి వెళ్లి, "నా నంబర్ ఎయ్యండి!" అని క్లర్కు మీద అరిచింది. పేరు ఎక్కింది. ఓదెలును లోపలికి తీసుకుపోయారు.

సాయంత్రం ఇదంతా సార్‌కు చెప్పేటప్పుడు కూడా ఆమె కోపం తగ్గలేదు. "ఆఖరికి నా నంబరిచ్చి ఎక్కించిన సార్."

"మంచి పని చేసినవ్," అన్నారు ఇలియాస్ సార్. ఆయన మాటలోనూ కోపమే ఉంది. "మరి రేపొచ్చేటోళ్లకు ఎవరి నంబరిస్తవమ్మా?"