ఆంజనేయుడి మణికట్టు

ఓబులేసుకు ఒక సంగతి అంతుపట్టలేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ ట్యాబ్‌లో గురువుగారి కుడిచేతికి వందకి వంద వస్తోంది. అన్నం ముందు కూర్చుంటే మాత్రం ఆ చెయ్యి ముద్ద కూడా ఎత్తడం లేదు.

గురువు హనుమోజీ తోలుబొమ్మలాటలో ఆరితేరినవాడు. ధర్మవరం చుట్టుపక్కల ఆయన బొమ్మ ఆడించని ఊరు లేదు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపుతూ ఒక ట్యాబూ, మణికట్టుకు కట్టుకునే పట్టీ ఇచ్చారు. చెయ్యి భుజం దాకా లేస్తే పట్టీ పసిగడుతుంది, ట్యాబ్‌లో పచ్చదీపం వెలిగి లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కలన్నీ అనంతపురంలో ఉండే ఫిజియోథెరపీ మేడమ్ నస్రీన్‌కు చేరతాయి. ప్రతి సోమవారం ఆమె వీడియోలో మాట్లాడుతుంది.

పోయిన సోమవారం ఆమె సంబరపడిపోయి, ఇంకొక్క వారం చాలు, తర్వాత పట్టీ మరొక రోగికి ఇద్దామంది. ఓబులేసుకు దిగులు పట్టుకుంది. చెయ్యి తిరిగొచ్చేదైతే ఈ తొలి నెలల్లోనే రావాలని చెప్పిందీ ఆమే. ఇప్పుడు ఆపేస్తే గురువు ఇంక బొమ్మ పట్టడు.

అంతుపట్టలేదంటాడు గానీ, పాపం, కిటుకంతా అతని చేతిలోనే ఉంది. గురువు చెయ్యి వణుకుతూ సగంలో ఆగిపోతే అతను చూడలేడు. వెనక కూర్చుని మోచేతి కింద రెండు వేళ్లు ఆనించి పైకి లేపేవాడు. ఇరవై ఏళ్లు తెర వెనక బొమ్మలాడించిన వేళ్లవి, పట్టీకి దొరుకుతాయా? అది మోసమని అతనికి తోచనే లేదు. సేవ అనుకున్నాడు.

ఈ సోమవారం మేడమ్ ఫోను రాకముందే తన దిగులు గురువు దగ్గర వెళ్లబోసుకున్నాడు.

"నూటికి నూరు వస్తా ఉండాది. మరి చెయ్యెందుకు రాలేదు అయ్యోరూ?"

హనుమోజీ బొమ్మల పెట్టె వైపు చూసి ఆంజనేయుణ్ణి తెమ్మన్నాడు. ఎడమచేత్తో, పళ్లతో తంటాలుపడి తన పట్టీ ఊడదీసుకున్నాడు. సాయానికి వంగిన శిష్యుణ్ణి కళ్లతోనే వద్దన్నాడు. ఆ పట్టీని ఆంజనేయుడి మణికట్టుకు కట్టమన్నాడు.

"ఆడించు," అన్నాడు.

ఓబులేసు పుల్ల పట్టి ఆడించాడు. ఆంజనేయుడి చెయ్యి భుజం దాకా లేచింది. పచ్చదీపం వెలిగింది. మళ్లీ లేచింది, మళ్లీ వెలిగింది. పది కాగానే ట్యాబ్‌లోని ఆడగొంతు, మీ చెయ్యి చక్కగా కోలుకుంటోందని ఆంజనేయుణ్ణి మెచ్చుకుంది.

గురువు వంకరపోయిన మూతితోనే నవ్వాడు. ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

ఇంతలో మేడమ్ ఫోను వచ్చింది. ఓబులేసు ట్యాబ్ ఎదుటికొచ్చి జరిగిందంతా చెప్పేశాడు. ఆమె, సున్నా నుంచి మొదలుపెడదాం, భుజం దాకా అక్కర్లేదు, జానెడు లేస్తే లెక్కపడేలా మారుస్తాను, పట్టీ ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు మీ దగ్గరే ఉంటుందంది.

పట్టీ మళ్లీ గురువు చేతికి చేరింది. మొదటిసారి ఏమీ కదల్లేదు. రెండోసారి వేళ్లు మాత్రం అల్లాడాయి. మూడోసారి ఆ చెయ్యి ఒళ్లోంచి లేచింది, వణికింది, జానెడు ఎత్తున ఒక్క క్షణం నిలిచి ధబ్బున పడింది.

ట్యాబ్‌లో ఒకటి పడింది. నస్రీన్ మేడమ్ చప్పట్లు కొట్టింది. ఓబులేసు సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

నాలుగోసారి చెయ్యి సగంలో ఆగింది. ఓబులేసు వేళ్లు వాటంతటవే మోచేతి కిందికి పోయాయి.

"చేతులు కట్టుకో నాయనా," అన్నాడు గురువు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నేను కిందామీదా పడతా ఉంటే చూస్తా కూచో. నాకు అంతకంటే పెద్ద సేవ లేదు."