రాజుగారి వాకిట గంట

మణికుండ అని ఒక రాజ్యం ఉండేదిలెండి. దాన్నేలే ధీరసింహుడికి ప్రాణం లేచొచ్చేవి రెండే: ఒకటి భోజనం, రెండు పరదేశపు పద్ధతులు.

ఆ రాజ్యంలో ప్రతి ఊరూ తన చెరువు పెద్దను తానే ఎంచుకునేది. తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసేవారు. ఏ పేరు చేతికొస్తే ఆ ఏడాది పొలాలకు నీళ్ళ వంతులు వేసేది అతనే.

దేశాలన్నీ చుట్టివచ్చిన విద్యాధర సోమయాజి నిండు సభలో ముక్కు చిట్లించాడు. "కుండ చేత పాలనా? ఛీ! తూర్పు దేశంలో పెద్దలను రాజే నియమిస్తాడు. అదీ దర్జా!"

రాజు మీసం దువ్వాడు. "మనమూ అంతే! నలభై ఊళ్ళకూ మా బావమరిదే పెద్ద!"

ఆస్థానంలో నవ్వించి బతికే పేరోజుకు ఆ మాట నచ్చలేదు. అతని అన్నదమ్ములది చెరువు కింద సేద్యం. ఆ బావమరిది సంగతి ఎవరికి తెలియదు? తన చెరకు తోట తడిసేదాకా ఇంకొకరికి చుక్క వదలడు.

అయినా నవ్వుమొహంతోనే లేచాడు. "సోమయాజిగారూ, అక్కడ ఆ పెద్ద తప్పుచేస్తే జనం ఎవరితో చెప్పుకుంటారండీ?"

"ఇంకెవరితో? రాజుతోనే! వాకిట గంట ఉంటుంది. మోగితే రాజు ఉన్నపళంగా రావాలి."

"మహాప్రభూ, సగం పద్ధతే తెచ్చుకుంటే ఆ దేశం వాళ్ళు నవ్విపోరూ? గంట కూడా కట్టించండి!"

"ఓస్, అదెంత!" అన్నాడు రాజు. గంట కట్టారు. పేరోజు ఆ కబురు నలభై ఊళ్ళకూ చేరవేశాడు.

వారం తిరిగింది. రాజు ముద్దపప్పులో నెయ్యి పోయించుకున్నాడో లేదో, గంట ఖణేల్మంది. బావమరిది నీళ్ళు మళ్ళించాడట! విస్తరి ముందు నుంచి లేస్తే ఆ పూట మళ్ళీ తినకూడదని ఆ వంశంలో ఆచారం. పాపం, రాజు పస్తు. మర్నాడు పనసపొట్టు కూర దగ్గర గంట. ఆ మర్నాడు పులిహోర దగ్గర గంట!

రాజు నీరసంగా పేరోజును పిలిపించాడు. "ఏమయ్యా, ఈ జనం ఇన్నాళ్ళూ ఎవర్ని తిట్టేవాళ్ళు?"

"కుండను, ప్రభూ! 'పాడు కుండ, ఎలాంటివాణ్ణి ఇచ్చిందో చూడు' అని నాలుగు తిట్టి, వచ్చే ఏడాది దాకా ఓర్చుకునేవారు. ఇప్పుడు ఇచ్చింది తమరు కదా!"

సోమయాజి పైపంచె సర్దుకుంటూ దిక్కులు చూశాడు. రాజు పేరోజు వైపు గుడ్లురిమాడు. "భోజనం వేళకే కొట్టమని నువ్వే నేర్పావు కదూ?"

"అబ్బే! గంట ఎక్కడుందో చెప్పానంతే. తమరి భోజనం వేళ నలభై ఊళ్ళకూ తెలుసు!"

రాజు ఖాళీ పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. చేతి కంకణం తీసి పేరోజుకు తొడిగాడు.

"బావమరిదిని ఇంటికి పంపండి, ఊళ్ళకు కుండలు పంపండి," అన్నాడు. "ముందు ఆ గంట విప్పండర్రా, వడ్డన మొదలైంది!"