తప్పెట కాచిన రాజు

పూర్వం కృతయుగం చివరి పాదంలో, శబళానది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట, శ్రుతిమతి అనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, వాగ్దేవీ పాదపద్మ భక్తుడూ, సత్యసంధుడూ, సంగీత సాహిత్య రసజ్ఞుడూ అయిన రుచిధన్వుడనే మహారాజు ప్రజలను కన్నబిడ్డలవలె పాలిస్తూ ఉండేవాడు. ఆయనకు అన్నీ ఉన్నాయి, సంతానం ఒక్కటి లేదు. పట్టమహిషియైన అనుమోదినీదేవితో కలిసి ఆయన నది నడుమ ఇసుకతిన్నె మీద నిరాహారుడై, ఏకాగ్రచిత్తుడై, వీణాపాణిని ఉద్దేశించి ఘోరమైన తపస్సు చేయగా, ఆ తల్లి కరుణించి, హంసవాహనం దిగి వచ్చి, తన కాలి అందెను ఒక్కసారి కదిలించి, "నాయనా! ఈ ధ్వని నుంచి నీకొక కూతురు పుడుతుంది. తక్కిన శిశువులకు తల్లిపాలు ఎటువంటివో ఈమెకు నాదం అటువంటిది. నీ దేశంలో మ్రోగే నాదాలే ఈమె ఊపిరి. జాగ్రత్తగా పెంచుకో" అని ఆనతిచ్చి అంతర్ధానమైంది.

జాగ్రత్త అన్న ఆ ఒక్క మాటే తరువాత కొంప ముంచింది. అయినా మొదటి సంవత్సరాలు చల్లగానే గడిచాయి. అందెసవ్వడి నుంచి పుట్టింది కనుక క్వణిత అని పేరుపెట్టిన ఆ బంగారుబొమ్మ, పొద్దున వైణికుల ఒడిలో కూర్చొని, మధ్యాహ్నం వడ్లు దంచే ఆడవాళ్ళ పాటల మధ్య తిరిగి, సాయంకాలం రేవులో పడవవాళ్ళ పాటలు వింటూ కునికిపాట్లు పడి, ఊరి చివర తప్పెట మ్రోగితే చాలు మేడమెట్లు దూకి గంతులేస్తూ, ఎనిమిదేళ్ళది అయింది. ఆ పిల్ల ఏనాడూ తుమ్మి ఎరగదు. ఎందువల్లనో ఎవరూ ఆలోచించలేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను గురించి ఎవరు ఆలోచిస్తారు?

అటువంటి సమయంలో ఔదుంబర మహర్షి శ్రుతిమతికి విచ్చేశాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పకపోతే వినేవారు ఆయన్ను రాక్షసుణ్ణి చేసి కూర్చోబెడతారు. బ్రహ్మసభలో సామగానం వినివిని చెవులు పావనమైన తపోనిధి. ఆ గానం తప్ప మరొకటి ఎన్నడూ విననివాడు. ఆయన అర్ఘ్యపాద్యాలు స్వీకరించి, రత్నపీఠం మీద కూర్చొని, దూరాన తప్పెటమోత చెవినపడగానే ముఖం చిట్లించాడు.

"రాజేంద్రా! వాగ్దేవి అందెల నుంచి పుట్టిన శిశువును ఈ రొద మధ్యనా పెంచుతున్నావు? పసిబిడ్డకు పట్టే పాలలో ఎవరైనా బురదనీళ్ళు కలుపుతారా? మార్గసంగీతం దేవతలు ఏర్పరచినది. తక్కినదంతా దేశి, ఎవరికి తోచినట్టు వారు పాడుకునేది. నాదమే ప్రాణమైన బిడ్డను చంపడానికి ఒక్క అపశ్రుతి చాలు. తరువాత నీ ఇష్టం."

తరువాత నీ ఇష్టం అని పెద్దలు అన్నారంటే మనకిక ఇష్టమంటూ మిగలదు. రాజుకు గుండె జారిపోయింది. తప్పెట్లు వాయించేవారందరూ శబళానది దాటి ఆవలి ఒడ్డున ఉండవలసిందని ఆ పూటే చాటింపు వేయించాడు. చాటింపుకు మళ్ళీ తప్పెటే కావాలి కదా! తమను వెళ్ళగొట్టే ఆజ్ఞను తామే వీధివీధినా వాయించి చాటి, ఆ తప్పెటలనే నెత్తిన పెట్టుకొని వాళ్ళు ఏరు దాటారు. సభలోని మృదంగానికి కట్టిందీ తోలే కదా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడగవలసిన పండితులందరూ తాంబూలం నములుతున్నారు.

కొద్ది రోజులకే, మెట్లు దూకే పిల్ల మెట్టు మీద తూలి పడింది. కాళ్ళలో సత్తువ లేదన్నారు వైద్యులు. తైలాలు మర్దించారు, గ్రహశాంతులు చేశారు. క్వణిత మంచం మీద కూర్చొని తన కాళ్ళను తానే పరాయి వస్తువుల్లా చూసుకునేది. మహర్షి దీర్ఘంగా ఆలోచించి, గాలిలో మలినం ఇంకా మిగిలే ఉందన్నాడు. రేవులో పాటలు ఆగిపోయాయి. బిడ్డకు నిద్ర కరువైంది. దంపుడుపాటలు మానిపించారు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోతోంది, నోటిదాకా వెళ్ళదు. తగ్గినకొద్దీ ఇంకా శుద్ధి చేయాలని ఆయన, చేసినకొద్దీ ఇంకా తగ్గుతూ బిడ్డ. భయపడ్డ మనిషికి తన మందే విషమని తట్టదు. రుచిధన్వుడు రోజుకు పదిసార్లు కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన అంతఃపురంలోకి వచ్చేసరికి రాణి అనుమోదిని బిడ్డ తల ఒడిలో పెట్టుకొని, తన పుట్టినింటి జోలపాట గొంతులోనే పాడుతోంది. అది కొండసీమ పాట. మార్గంలోని ఏ రాగానికీ ఒదగదు. బిడ్డ రెప్పలు బరువుగా వాలుతున్నాయి. రాజు పరుగున వెళ్ళి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"దేవీ, నీకు దణ్ణం పెడతాను, ఆపు. బిడ్డ మనకు దక్కాలా వద్దా?"

రాణి ఆయన చెయ్యి తొలగించలేదు. పాట ఆగింది. బిడ్డ కళ్ళు మళ్ళీ విచ్చుకొని పైకప్పును చూస్తూ ఉండిపోయాయి. మొగుడు పెళ్ళాల మధ్య ఆ రోజు నుంచి మాటలు తగ్గిపోయాయి.

ఆషాఢమాసం వచ్చింది. సన్నటి తుంపర పడుతోంది. క్వణితను సభామండపంలోనే పడుకోబెట్టి, దేశదేశాల నుంచి రప్పించిన గాయకులచేత ఎడతెగకుండా పాడిస్తున్నారు. పాపం, వాళ్ళూ ప్రాణాలు పెట్టి పాడుతున్నారు. ఆ పాటవల్లనే బిడ్డలో ఆ మాత్రం ఊపిరైనా ఆడుతోంది. ఇంతలో పడమటిగాలి తిరిగి, ఆవలి ఒడ్డున ఎవరి పెళ్ళికో వాయిస్తున్న తప్పెటల మోత ఏటి మీదుగా తేలివచ్చి లీలగా వినిపించింది. చాలాకాలంగా కదలని క్వణిత కాలివేళ్ళు దుప్పటి కింద కదిలాయి.

"చూడండి! పిల్ల తాళం వేస్తోంది" అని రాణి కేకపెట్టింది.

మహర్షి లేచి నిలుచున్నాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. "తాళం కాదు తల్లీ, వాతం! ఆ రొద తగిలి నరాలు కొంకర్లు పోతున్నాయి. రాజా, తక్షణం భటులను పంపి ఆ మోత ఆపించు."

రాజు భార్య వైపు చూశాడు, గురువు వైపు చూశాడు, బిడ్డ కాళ్ళ వైపు చూశాడు. కదిలేవి అవే వేళ్ళు. ఒకరికి బతుకుగా, ఒకరికి చావుగా కనబడుతున్నాయి. తప్పు ఎంచుకుంటే దిద్దుకోవడానికి బిడ్డ ఉండదు. ఆయన ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉండగానే గాలి పడిపోయింది. మోత ఆగింది. వేళ్ళు ఆగాయి. రాణి బిడ్డ పాదాలు పట్టుకొని, "చల్లబడుతున్నాయి" అంది.

అంతే. మకరకుండలమండిత గండస్థలుడైన ఆ మహారాజు పాదుకలు కూడా తొడుక్కోకుండా, గొడుగు పట్టేవారు వెంట పరుగెత్తలేక నిలిచిపోగా, రేవులో దొరికిన పడవ ఎక్కి తానే తెడ్డు వేసుకుంటూ ఏరు దాటాడు.

తప్పెటలవారి పెద్ద ఎర్రక్క అనే ముసలామె. పెళ్ళివారి పందిట్లో వాయించి వచ్చి, తన గుడిసె ముందు తప్పెట బోర్లించి కూర్చొని ఉంది. తడిసి బురద కొట్టుకుపోయిన మనిషిని మొదట ఆనవాలు పట్టలేదు. పట్టాక లేవబోయింది. రాజు ఆమెను లేవనివ్వకుండా ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా, నా బిడ్డ పోతోంది. నీ తప్పెట వింటే కాలు కదిపింది. నువ్వు రావాలి."

ఎర్రక్క ఆయన్ను కాసేపు తేరిపార చూసింది. "ఓలమ్మో, ఆ సిన్నమ్మకేనా? మా తప్పెట ఇంటే సాలు, మెట్ల మీంచి దూకి వచ్చేది గదా! పదండి మారాజా. పెద్ద మోత మోగాలంటే మాత్రం ఇది ఇట్టా పలకదు. తుంపరకు తోలు మెత్తబడిపోయినాది. మంట ఎయ్యాల, కాచాల."

తప్పెట వాయించే ముందు గడ్డిమంట మీద తోలు కాచి బిగువెక్కించడం వారి వృత్తిలో మొదటి పని. అందరూ పరుగు పరుగున పడవలెక్కి కోటముందు దిగారు. అక్కడ చూరు కింది పొడిగడ్డి దూసి పోగుపెట్టారు. తడిగాలికి నిప్పు అంటుకోదు. అంటుకున్నా నిలవదు. లోపల బిడ్డ ఊపిరి ఎంత మిగిలి ఉందో తెలియదు. రాజు మోకాళ్ళ మీద కూర్చొని, పట్టు ఉత్తరీయం తీసి విసురుతూ, కళ్ళనిండా పొగతో నిప్పు ఊదుతూ, "ఇంకా ఎంతసేపు?" అని అడుగుతూనే ఉన్నాడు.

"తొందరపెడితే మాడిపోద్ది, మారాజా. ఊదండి" అంది ఎర్రక్క. తోలును మంట మీద తిప్పుతూ, వేలితో కొట్టి చూస్తూ, ఆయన ముఖం చూడకుండా ఇంకో మాట అంది. "నేను రానని అన్ను. బిడ్డ పేణం ముందు. కానీ ఒక మాట అడుగుతా. మీరు ఏరు దాటించకముందూ మేము బయటే ఉన్నాం. పండగనాడు మీ సబలో వీణె వాయించినోళ్ళకు తాంబూలం చేతిలో పెట్టేవోరు. మాకు అరుగు మీంచి కొంగులోకి ఇసిరేవోరు. ఇయ్యాల మందు కావాల గాబట్టి పిలిచినారు. పిల్ల లేచినాక మళ్ళీ ఏరు దాటిస్తారా?"

దాటించనని అనడానికి రుచిధన్వుడు నోరు తెరిచాడు. తన మాట మీద తనకే నమ్మకం లేకపోయింది. రేపు మరో మహర్షి వచ్చి మరో భయం చెబితే తాను ఏం చేస్తాడో ఆయనకు తెలుసు. సిగ్గుతో తల వంచుకొని నిప్పు ఊదాడు.

తప్పెట బిగువెక్కింది. సభామండపం వాకిట ఔదుంబర మహర్షి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. "రాజా, ఇది విని బిడ్డ మరణిస్తే ఆ పాపం ఎవరిది?"

"నాది, స్వామీ. వినకుండా మరణించినా నాదే" అన్నాడు రాజు.

మహర్షి పక్కకు తప్పుకున్నాడు.

ఎర్రక్క మంచం పక్కన నిలబడి మొదటి దెబ్బ వేసింది. ఏమీ జరగలేదు. రెండో దెబ్బకూ ఏమీ లేదు. రాణి ముఖం చేతులతో కప్పుకుంది. ఎర్రక్క ఆగలేదు; పాదాలు కదిలిస్తూ, బిడ్డ ముఖంలోకి చూస్తూ, దగ్గరవాళ్ళను పిలుస్తున్నట్టుగా వాయిస్తూ పోయింది. కాసేపటికి దుప్పటి కింద మడమ ఒకసారి మంచాన్ని తాకింది. తరువాత రెండో మడమ. రాణి ఏడుస్తూనే తన జోలపాట ఎత్తుకుంది. ఈసారి ఆమె నోటికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. వైణికులు బిత్తరపోయి చూసి, ఆ తప్పెట ఆగినచోట తాము అందుకుంటూ, తాము ఆగినచోట దాన్ని అందుకోనిస్తూ వాయించారు. దంచే ఆడవాళ్ళూ రేవువాళ్ళూ పిలవకుండానే వచ్చారు. క్వణిత నిద్రపోయింది. అమ్మయ్య, నిజంగా నిద్రపోయింది! లేచినప్పుడు ఆకలి అంది.

అప్పుడు శరచ్చంద్రచంద్రికాధవళమూర్తియైన వాగ్దేవి, సింహాసనం దగ్గర కాక తప్పెటలవారి మధ్య, దంచే ఆడవాళ్ళ భుజాలు తాకుతూ ప్రత్యక్షమైంది. రాజు సాష్టాంగపడి, "తల్లీ, నీ బిడ్డకు చెడ్డది తగలకూడదనే చేశాను" అన్నాడు.

"తెలుసు నాయనా. నీ దేశంలో మ్రోగే నాదాలని నేనన్నాను. నీ సభకు నచ్చిన నాదాలని నువ్వు విన్నావు. అవన్నీ నా నోటివే. కొన్నింటికే నేను తల్లినని నీకు ఎవరు చెప్పారు?" అని, ఆ దేవి మహర్షి వైపు తిరిగి కోపం లేకుండా చూసింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

దేవి మళ్ళీ అంది: "అనుమోదినీ, నువ్వు పడ్డ యాతన చూశాను. ఇక ఈ భయం వద్దు. తక్కిన మనుషులకు ఉన్నట్టే నీ బిడ్డకూ స్వతంత్రమైన ఊపిరి ఇస్తాను. ఏ పాట ఆగినా ఈమెకు ఏమీ కాదు."

రాణి ఆనందంతో చేతులు జోడించబోతోంది. మంచం మీది బిడ్డ అడ్డుపడింది. "వద్దమ్మా" అంది క్వణిత. ఆ పిల్ల పొగవాసన వేస్తున్న తండ్రిని చూసి, ఎర్రక్కను చూసింది. మంట దగ్గర జరిగిన మాటలన్నీ, బిడ్డ నిద్ర లేచాక, రాజు తల్లీకూతుళ్ళకు దాచకుండా చెప్పేశాడు. "నాకు వేరే ఊపిరి ఇచ్చేస్తే, ఈ అవ్వ అడిగినదానికి నాన్నగారు ఏం జవాబు చెబుతారు?"

రాణి కొంగు నోట్లో కుక్కుకొని కూతురి వైపు చూసింది. అంత పెద్ద మాట అనే వయసా అది! ఇప్పుడిప్పుడే దక్కిన బిడ్డ, ఆ గండాన్ని తన మెడకే కట్టుకుని ఉంచుకుంటానంటోంది. రుచిధన్వుడు చేతులు జోడించి, "తల్లీ, బిడ్డ చెప్పినట్టే కానీ. నా మాటకు అంతకన్న గట్టి పూచీ నా దగ్గర లేదు" అన్నాడు.

"తథాస్తు" అంది వాగ్దేవి. "క్వణిత నిండునూరేళ్ళు జీవిస్తుంది, ఈ దేశపు నాదాలన్నీ జీవించినంతకాలం. ఈమె తరువాత కూడా, ఏ రాజ్యంలో ఎవరి పాట నోరు నొక్కుతారో, ఆ రాజ్యం ఏలేవారి ఇంట మొదట నిద్ర కరువవుతుంది." అలా వరమిచ్చి ఆ తల్లి అంతర్ధానమైంది.

రాజు ఆ మరునాడే సభలోని అరుగు తీయించి నేల చదును చేయించాడు. అందరికీ తాంబూలం చేతిలోనే పెట్టాడు. ఔదుంబర మహర్షి బ్రహ్మసభకు తిరిగిపోలేదు. రేవులో కూర్చొని పడవవాళ్ళ పాటలు నేర్చుకుంటూ, తప్పులు పాడి తిట్లు తింటూ వార్ధక్యం గడిపాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి, క్వణిత పెరిగి పెద్దదై రాజ్యం ఏలింది.

ఈ కథ విన్నవారికి ఎంత పుణ్యమో నేను లెక్క చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. రుచిధన్వుడు బతికినన్నాళ్ళూ సాయంకాలం కోటగోడ మీద నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. ఏ వీధిలోనైనా రోజూ వినవచ్చే పాట ఒకటి వినబడకపోతే, పాడేవారి ఇంటికి తానే వెళ్ళి, తలుపు తట్టి, "ఏమమ్మా, ఒంట్లో బాగుందా? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగి, వారు మళ్ళీ పాట ఎత్తుకున్నాకనే ఇంటికి వచ్చి, నిద్రపోతున్న కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాడు.