సార్జెంటు గారి పాత విమానం

మీకో చిన్న కథ చెబుతాను. పెనం మీద అట్టు వేసి తిరగేసేలోపు అయిపోతుంది.

వేములదిబ్బ సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్న త్రినాథ్‌కి "తెలీదు" అనే మాట ఎంత గింజుకున్నా నోట్లోంచి వచ్చేది కాదు. మనిషి మంచివాడే. అయితే అతని కొట్టు గురించి చెప్పాలంటే ముందు ఆ గది గురించి చెప్పాలి. గది గురించి చెప్పాలంటే పోలినాయుడి గురించి చెప్పాలి. అట్టు మాడితే మాడనివ్వండి.

పోలినాయుడు ఆర్‌ఎంపీ డాక్టరు. త్రినాథ్ కంటే ముందు ఆ గదిలో సూదులు వేసేవాడు. ఒకరోజు కిరాణా సత్యం వాళ్ళమ్మని మంచంతో సహా మోసుకొచ్చారు. పోలినాయుడు నాడి చూశాడు, కళ్ళు చూశాడు, నాలుక చూశాడు. "ఇదేంటో నాకు తెలీదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి," అన్నాడు. తీసుకెళ్ళారు. ఆవిడ బతికింది. అందుకు ఊరు పోలినాయుడికి దండం పెట్టాలి. మా ఊరు పేరు పెట్టింది. తెలీదు డాక్టరు.

మా ఊళ్ళో పేరు పడితే మనిషి పోయినా పేరు పోదు. ఇరవై ఏళ్ళ కిందట సింహాచలం ఒకసారి మురుగుకాలువలో పడ్డాడు. ఇప్పటికీ అతని కోడల్ని మురుగుకాలువ వారి కోడలనే అంటారు. ఆ పిల్ల కాపురానికి వచ్చేసరికి కాలువ మీద సిమెంటు పలకలు కూడా వేసేశారు. పోలినాయుడి భార్య కుళాయి దగ్గరికి వస్తే "నీ వంతు ఎప్పుడో తెలుసా, తెలీదా?" అని అడిగేవారు. ఏడాది తిరక్కుండా పోలినాయుడు గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి సూదికి పదకొండు కిలోమీటర్లు ఆటోలో వెళ్తున్నాం. ఆ పేరు ఎవరు పెట్టారని మాత్రం నన్నడక్కండి. ఎదురుగా బండి పెట్టుకుని అట్లు వేసుకునేదాన్ని, నాకేం సంబంధం?

ఆ గదిలోకి త్రినాథ్ దిగాడు. గోడ మీది ఎర్ర ప్లస్ గుర్తుకి రెండు పూతలు సున్నం కొట్టాడు. అయినా అది కనబడుతూనే ఉండేది.

"ఇంతకుముందు ఇక్కడ ఏముండేది అత్తా?" అని నన్నడిగాడు.

చెప్పాను. నవ్వుతూ చెప్పాను. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. త్రినాథ్ నవ్వలేదు.

ఆ రోజు నుంచి అతనికి అన్నీ తెలుసు. ప్రింటరు తెలుసు, ఫోను తెలుసు, మిక్సీ తెలుసు. గేదె ఎందుకు పాలివ్వడం లేదని అడిగినా "ఒకసారి తోలుకురా, చూద్దాం" అనేవాడు.

ఇక జోగారావు సంగతి. ఊళ్ళో అతన్ని సార్జెంటు అనేవారు. ఇరవై ఏళ్ళు వైమానిక దళంలో విమానాలకి చక్రాలు మార్చాడు. ఒక్క విమానాన్నీ నడపలేదు. "విమానం నడిపారా సార్జెంటు గారూ?" అని ఎవరైనా అడిగితే, "చక్రాలు బిగించాను. అవి ఊడిపోలేదు," అనేవాడు. అంతకుమించి గొప్పలు చెప్పేవాడు కాదు. అందుకే ఎవరూ అతని దగ్గర ఎక్కువసేపు కూర్చునేవారు కాదు.

రిటైరై వచ్చేటప్పుడు అతను ఒక కంప్యూటరు, అందులో విమానం నడిపే పాత ఆట ఒకటి తెచ్చుకున్నాడు. ఆటంటే పిల్లల ఆట కాదు. ఇంజను పట్టించడానికే పది మీటలు నొక్కాలి. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. చేత్తో పట్టుకుని తిప్పడానికి నిజం విమానంలో ఉన్నట్టే ఒక కర్ర ఉండేది. దాన్ని జాయ్‌స్టిక్ అనాలట. మేం సార్జెంటు గారి గరిటె అనేవాళ్ళం.

ఒక మాఘమాసంలో సార్జెంటుకి పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే కోలుకుంది. కుడిచెయ్యి మాత్రం పిడికిలై ముడుచుకుపోయింది. "ఏడాదిలోపు ఎంత కదిలిస్తే అంత. తర్వాత వచ్చేది చాలా తక్కువ," అని పెద్ద డాక్టరు చెప్పాడు. నొక్కడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. సార్జెంటు రెండుసార్లు నొక్కి, విసుగొచ్చి, ఎడమచేత్తో వీధిలోకి విసిరేవాడు. అతని భార్య వరహాలమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తి తెచ్చేది. సార్జెంటు గారింట్లో క్రికెట్ మొదలైందని మేం అనుకున్నాం.

చివరికి వరహాలమ్మకే ఆలోచన వచ్చింది. ఒక్కో వేలూ విప్పి ఆ గరిటె చుట్టూ పెట్టింది.

"బంతి వద్దంటే మానెయ్యండి. విమానం నడపండి," అంది.

మొదటి నెలంతా విమానం సముద్రంలో పడింది. సార్జెంటు బూతులు తిట్టేవాడు. మళ్ళీ గాల్లోకి లేపేవాడు. రోజూ రెండు గంటలు, ఒకోసారి మూడు. చేతికి వ్యాయామం చేస్తున్నానన్న సంగతే మర్చిపోయేవాడు. జ్యేష్ఠమాసం వచ్చేసరికి విమానాన్ని కుదుపు లేకుండా నేల మీదికి దించాడు. ఆ మర్నాడు పొద్దున్న నా బండి దగ్గరికి వచ్చి కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. సగం ఒలికింది. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

ఆ నెలలోనే కంప్యూటరు నత్తనడక పట్టింది. సార్జెంటు దాన్ని రిక్షాలో పెట్టించుకుని, గరిటె చంకలో పెట్టుకుని, వరహాలమ్మతో త్రినాథ్ కొట్టుకి వచ్చాడు.

"ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వేసేద్దాం బాబాయ్. గుర్రంలా పరిగెడుతుంది," అన్నాడు త్రినాథ్.

"మరి నా విమానం?"

"సీడీ ఉంది కదా. మళ్ళీ వేసేస్తాను."

"అది పాతది. కొత్త సిస్టంలో నడుస్తుందా? నీకు తెలుసా?"

త్రినాథ్ ఇటు చూశాడు. నా బండి దగ్గర నలుగురు తింటున్నారు. నలుగురూ అటే చూస్తున్నారు.

"నాకు తెలుసు బాబాయ్," అన్నాడు.

సార్జెంటు ఇంకేం అడగలేదు. దానికో కారణం ఉంది. అతను పనిచేసిన చోట, తెలీదన్నవాడిని పక్కన నిలబెట్టి నేర్పేవారు. తెలియకపోయినా తెలుసని సంతకం పెట్టినవాడిని జైల్లో పెట్టేవారు. కాబట్టి మనిషి తెలుసన్నాడంటే తెలుసనే అతని లెక్క. ఇరవై ఏళ్ళు బయట ఉండి వచ్చినవాడికి మా ఊరి పద్ధతి ఎలా తెలుస్తుంది?

సాయంత్రానికి కొత్త ఓఎస్ ఎక్కింది. త్రినాథ్ సీడీ పెట్టి ఆట వేశాడు. తెర మీద విమానం బొమ్మ నొక్కాడు. విమానం రాలేదు. తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి వచ్చింది. అందులో నాలుగు లైన్ల ఇంగ్లీషు, కింద రెండు గడులు.

"ఏంటి రాసుంది త్రినాథ్?" అని వరహాలమ్మ అడిగింది.

త్రినాథ్ ముందుకు వంగి చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏం త్రినాథ్, చదువుతున్నావా? రేపు పరీక్షా?" అని నేను ఇటు నుంచి కేకేశాను. ఊరికే. తోచక. బండి దగ్గర ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

త్రినాథ్ నిటారుగా కూర్చున్నాడు. "ఏం లేదు పిన్నీ, ఇది ఊరికే అడుగుతుంది," అని రెండో గడి మీద నొక్కాడు. పెట్టె పోయింది. తెర నల్లబడింది. అలాగే ఉండిపోయింది.

"రేపటికి చూస్తాను," అన్నాడు.

ఆ రేపు రాలేదు. ఆషాఢంలో సీడీ మీద గీతలు పడ్డాయన్నాడు. సార్జెంటు ఎవరినో పట్టుకుని ఇంకో సీడీ తెప్పించాడు. శ్రావణంలో గరిటె వైరు పాడైందన్నాడు. వైరు మార్చారు. భాద్రపదంలో వోల్టేజీ చాలడం లేదన్నాడు. ఆశ్వయుజంలో పైనుంచి ఏదో అప్‌డేట్ రావాలన్నాడు. పైనుంచి అంటే ఎక్కణ్ణుంచో సార్జెంటు అడగలేదు, త్రినాథ్ చెప్పలేదు. మేం మాత్రం ఆకాశం వైపు చూశాం.

వరహాలమ్మ మళ్ళీ బంతి తీసింది. సార్జెంటు విసిరాడు. ఈసారి ఎడమచేత్తో కూడా బలంగా విసరలేదు. బంతి గుమ్మం దగ్గరే ఆగింది. కార్తీకంలో నా బండి దగ్గరికి వచ్చినప్పుడు టీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది.

"ఇంకో చోట చూపించరాదూ?" అని వరహాలమ్మ అతన్ని అడగడం నేను విన్నాను.

"త్రినాథ్ తెలుసన్నాడు కదే. తెలిసినవాడు చేస్తున్న పని మధ్యలో లాక్కుపోతే వాడికి అవమానం," అన్నాడు సార్జెంటు.

మళ్ళీ మాఘం వచ్చి వెళ్ళిపోయింది. డాక్టరు చెప్పిన ఏడాది దాటిపోయింది. ఫాల్గుణంలో ఒకరోజు వరహాలమ్మ భర్తకి చెప్పకుండా, త్రినాథ్ కొట్టులోంచి కంప్యూటరుని అడిగి తెచ్చుకుని పాత చీరలో మూటగట్టి, ఆటో ఎక్కి పట్నం వెళ్ళింది. అక్కడ బస్టాండు వెనక చిన్న కొట్టు. కొట్టువాడు విమానం ఆట పేరు విని తల గోక్కున్నాడట.

"ఇది నాకు తెలీదమ్మా. ఎప్పుడూ చూడలేదు. కూర్చోండి, చదివి చూస్తాను."

వరహాలమ్మ కూర్చుంది. అతను చదివాడు. పావుగంట చదివాడు. తర్వాత ఎక్కడికో వెళ్ళి ఒక పెద్ద జాబితా తెరిచాడు. అందులో ఒక గడిలో టిక్కు పెట్టాడు. అంతే. తెర మీద విమానం వచ్చి నిలబడింది.

"పాత ఆటలకి సిస్టంలో ఒక పాత ముక్క కావాలమ్మా. కొత్త ఓఎస్‌లో అది మూసి ఉంటుంది. మొదటి రోజే వెయ్యనా, వదిలెయ్యనా అని అడిగుంటుంది. ఎవరో వదిలెయ్ అన్నారు."

వరహాలమ్మ తిరిగి వచ్చి కంప్యూటరు పెట్టి, భర్తని కూర్చోబెట్టి, మునుపటిలాగే వేళ్ళు విప్పబోయింది. ఒక్క వేలూ విప్పుకోలేదు. వేడినీళ్ళు పెట్టింది, నూనె రాసింది. చూపుడువేలు కొంచెం లేచి మళ్ళీ ముడుచుకుంది. గరిటె తయారైందే కుడిచేతికి తగ్గట్టు. ఎడమచేతికి కుదరదు.

సార్జెంటు ఎడమచేత్తో పది మీటలూ నొక్కి ఇంజను పట్టించాడు. విమానం రన్‌వే మీద ఉంది. రెక్కల ముందు పంకా తిరుగుతోంది. అతను దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ అలాగే కూర్చుంటాడు. నేల మీదున్న విమానం పక్కన ఇరవై ఏళ్ళు నిలబడ్డవాడే కనుక అలవాటేనని మేం అనుకున్నాం.

మర్నాడు వరహాలమ్మ నా బండి దగ్గర ఈ సంగతంతా చెప్పింది. ఏడవలేదు. గట్టిగా కూడా చెప్పలేదు. ఎదురుగా త్రినాథ్ విన్నాడు. కొట్టు వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు. మేం అతను ఏదో ఒక వంక చెబుతాడనుకున్నాం. గరిటె వైరో, వోల్టేజో.

"నాకు తెలీలేదు పిన్నీ," అన్నాడు. "మొదటి రోజే తెలీలేదు. ఆ పెట్టెలో ఏం రాసుందో సగం చదివాను. ఇంకో నిమిషం చదివుంటే అర్థమయ్యేదేమో. చదవలేదు. తర్వాత నెలలన్నీ అబద్ధాలే చెప్పాను."

బండి దగ్గర ఆరుగురు ఉన్నారు. నోట్లో అట్టు ముక్కలు అలాగే ఆగిపోయాయి. వరహాలమ్మ అతన్ని చూసింది.

"ఆ మాట జ్యేష్ఠమాసంలో అనుంటే ఆ రోజే పట్నం వెళ్ళేవాళ్ళం నాయనా," అంది. టీ గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయింది. నా బండి దగ్గర గ్లాసులు ఎవరూ కడిగి పెట్టరు.

త్రినాథ్ తల దించుకుని నిలబడ్డాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. నాకు మాట్లాడకుండా ఉండటం చేతకాదు.

"అయితే మళ్ళీ తెలీదు గదే అయిందన్నమాట," అన్నాను.

ఆరుగురూ నవ్వారు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. తెలీదు త్రినాథ్. అబద్ధాలు చెప్పిన తొమ్మిది నెలలూ అతని కొట్టు ముందు జనం నిలబడేవారు. నిజం చెప్పిన వారం తిరిగేసరికి ఒక్కరూ లేరు. పిల్లలు వచ్చి "ఇప్పుడు టైమెంతో తెలుసా?" అని అడిగి పారిపోయేవారు. వైశాఖంలో కొట్టు ఖాళీ చేశాడు. వెళ్ళే ముందు ఒక్క పని చేశాడు. సార్జెంటు గారింటికి వెళ్ళి, గరిటెని విప్పి, ఎడమచేతికి కుదిరేలా మార్చడానికి రెండు రోజులు కూర్చున్నాడు. కుదరలేదు. "నాకు చేతకాలేదు బాబాయ్," అన్నాడట. సార్జెంటు ఎడమచెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుని ఊపాడట. ఇది వరహాలమ్మ చెప్పింది. మేం నమ్మలేదు.

ఆ గదిలో ఇప్పుడు కోడిమాంసం అమ్ముతున్నారు. గోడ మీద ప్లస్ గుర్తు ఇంకా కనబడుతోంది. ఇప్పుడు కంప్యూటరు పాడైనా పదకొండు కిలోమీటర్లు వెళ్ళాలి. సూదికి వెళ్ళే ఆటోలోనే వెళ్తున్నాం. పోయిన వారం నాకు గుండెలో పోటు వస్తే ఆ ఆటో కోసం గంటసేపు రోడ్డు మీద కూర్చున్నాను. పోలినాయుడి గది ఎదురుగానే కూర్చున్నాను.

నీతి: తెలియదన్నవాణ్ణి చూసి నవ్వే ఊళ్ళో ముందు నిజం చెప్పేవాళ్ళు పోతారు, ఆ తర్వాత ఆదుకునేవాళ్ళు పోతారు, చివరికి నవ్వినవాళ్ళు మాత్రమే మిగులుతారు.