బ్రేకులకు గాలి తగిలిన కథ

ముంతలపల్లెలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందనీ, అందుకే ఊళ్ళో మిగతావాళ్ళకు చాలలేదనీ చెంగల్రాయుడికి భలే జాలి. తమ్ముడు మునిరత్నం ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాడు. భార్య వజ్రమ్మ అయితే ఒత్తులు కూడా వదలదు.

చెంగల్రాయుడికి ఒక పాత కారుంది. ఏటా కొండ మీంచి కిందికి జరిగే కార్ల పందెంలో దాన్ని తోలతాడు. ఏటా ఆఖరున వస్తాడు. సగం కొండ దిగేసరికి బ్రేకులు కాలిపోయి పొగలు కక్కుతాయి. అవి చల్లారేదాకా పక్కనే రాయి మీద కూర్చుంటాడు మరి.

ఈసారి వజ్రమ్మ తేల్చి చెప్పేసింది. "ఈ ఏడు కూడా ఆఖరైతే దాన్ని పాత సామాన్లవాడికి వేసేస్తా."

చెంగల్రాయుడికి అన్నం సయించలేదు. పరుగున మెకానిక్కు బాషా దగ్గరికి పోయాడు. బాషా పని తెలిసిన మనిషే, మాటలే పొదుపు.

"బ్రేకులకు గాలి తగలాలి చెంగల్రాయా," అన్నాడు.

అంతే! అన్నదమ్ములిద్దరూ నాలుగు చక్రాలూ ఊడబీకి కారును ఇటుకల మీద కూర్చోబెట్టారు. వజ్రమ్మ విసనకర్ర తెచ్చి బ్రేకులకు విసరసాగింది. మధ్యాహ్నానికి చెయ్యి పడిపోయింది.

"చల్లబడ్డాయా?"

"మంచుగడ్డల్లా ఉన్నాయి వదినా!"

"సరే గానీ, పందెంలో కూడా నేను పక్కన పరిగెత్తుతూ విసరాలా ఏంది?"

ఆ సంగతి చెంగల్రాయుడికి తోచనే లేదు. మళ్ళీ బాషా దగ్గరికి పోయాడు.

బాషా తల పట్టుకున్నాడు. "విసరడం కాదయ్యా! ముందు నుంచి గొట్టం వేసి గాలిని బ్రేకు దాకా తీసుకురండి. గట్టిగా బిగించండి, ఊడకూడదు."

ఇంకేముంది! ఇంటి ముందు తలుపుకు బొక్క కొట్టి గొట్టం దూర్చారు. నడింట్లోంచి, వంటింట్లోంచి పెరట్లో ఉన్న కారు దాకా లాగారు. ఒక కొస తలుపుకు, ఇంకో కొస బ్రేకుకు ఇనపతీగతో బిగించేశారు.

"వీధిలో గాలంతా మనదే అన్నా!" అని మునిరత్నం చప్పట్లు కొట్టాడు.

చెంగల్రాయుడు చక్రాలు బిగించి, ఉత్సాహంగా కారును ముందుకు దూకించాడు. వెనకాల ఫెళ్ళుమంది. తలుపు ద్వారబంధంతో సహా ఊడి, నడింట్లోంచి, వంటింట్లోంచి, అంట్లగిన్నెలను తొక్కుకుంటూ వచ్చి పెరట్లో పడింది.

వజ్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మంచిదేలే. తలుపు అడ్డం లేకపోతే గాలి ఇంకా బాగా వస్తుంది."

ఈ సంగతి విని బాషాయే పరుగెత్తుకొచ్చాడు. కారు మూతి కింద రెండు గొట్టాలు పెట్టి, కొసలు ముందు బ్రేకుల దగ్గరికి తిప్పి, తన చేతులతో బిగించాడు. పోతూ పోతూ కొత్త బ్రేకు ప్యాడ్లు ఇచ్చాడు. "కొత్తవి కదా, ఒకసారి బాగా వేడి చేసి చల్లారనిస్తే కుదురుకుంటాయి."

కారు తోలుతూ నాలుగుసార్లు బ్రేకు తొక్కమని ఆయన ఉద్దేశం. ఆ ముక్క నోటితో చెబితే కదా!

వజ్రమ్మ పొయ్యి మీద పెనం పెట్టింది. "నూనె వెయ్యకపోతే అడుగంటవూ?" అని రెండు గరిటెలు పోసి ప్యాడ్లు పరిచింది. ఒకవైపు కాలాక అట్లకాడతో తిరగేసింది. మునిరత్నం ఒకటి కొరికి చూసి, "ఇంకొంచెం కాలాలి వదినా," అన్నాడు.

పందెం రోజు కొండ మీద బాషా ఆఖరి మాట చెప్పాడు. "దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోవద్దు. గేరు దించు."

జెండా ఊపారు. కారు కదిలింది. చెంగల్రాయుడు రెండు కాళ్ళూ పైకి తీసి సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. పక్కనున్న మునిరత్నం గేరు కర్రను రెండు చేతులా పీకి కింద పెట్టాడు.

"దించేశానన్నా!"

కారు గాల్లో తేలినట్టు పోతోంది. మొదటి మలుపు చూసి చెంగల్రాయుడికి పైప్రాణాలు పైనే పోయాయి. కాలు దించి బ్రేకు తొక్కాడు. నూనె తాగిన ప్యాడ్లు ఎక్కడ పడతాయి? జర్రున జారాయి.

"అన్నా, బ్రేకులు వేడెక్కాయా?"

"లేదురా! పొగ జాడే లేదు!" అంత భయంలోనూ చెంగల్రాయుడి గుండె పొంగిపోయింది.

అట్లాగే అందరినీ దాటేసి, ఆఖరి గీత దాటేసి, గడ్డివాములో సగం దాకా దూరి ఆగారు. ఫస్టు! కింద కాచుకునున్న వజ్రమ్మ పరుగెత్తుకొచ్చింది.

పందెం పెట్టిన పెద్దలంతా రంగుల గుడ్డ పందిరి కింద కూర్చునున్నారు. వాళ్ళలో పెద్దాయన లేచి, చెంగల్రాయుడి తలలో గడ్డి దులిపి, "శభాష్! కప్పు మీదేనయ్యా, తీసుకుపోండి," అన్నాడు.

ముగ్గురూ తలెత్తి పైకి చూశారు.

"ఇంత పెద్దదే!" అన్నాడు చెంగల్రాయుడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"నిలబడి చూస్తారేంది? ఇస్తామన్నప్పుడే తీసుకోవాలి!" అంది వజ్రమ్మ.

అంతే! అన్నదమ్ములు చెరో గుంజ ఎక్కి తాళ్ళన్నీ విప్పేశారు. పందిరి కప్పు ధబ్బున పెద్దల మీద పడింది. మునిరత్నం దిగి ఒక కొస పట్టి చుట్టసాగాడు. ఒక్కో చుట్టుకీ లోపలినుంచి కేకలు.

"వదినా, దీంట్లో మనుషులున్నారే!"

"మనకిచ్చింది కప్పు ఒక్కటే," అంది వజ్రమ్మ. "వాళ్ళను దులిపేసి చుట్టు."