దాలమ్మకు మొదటి గరిటె

అనగా అనగా, సముద్రం ఇప్పటికన్నా రెండు బారలు అవతల ఉండే కాలాన, ఉప్పుమళ్ళ పక్కన ఒక పేట ఉండేది. ఆ పేటలో ఉప్పు ఎత్తే కూలిమనిషి దాలమ్మ. మొగుడు లేడు. పైడి అని ఒక్క కూతురు.

ఒక ఎండాకాలం పేట మీద గత్తర పడింది. వాంతులు, విరేచనాలు. పడినవాళ్ళందరినీ ఉప్పుకొట్టులో చాపల మీద పడుకోబెట్టారు. కాళ్ళున్నవాళ్ళు పారిపోయారు. దాలమ్మ పోలేదు. పైడి కూడా ఆ చాపల మీదే ఉంది మరి.

ఉన్నది ఒక్క కుండ, ఒక్క గరిటె. కుండలో ఉప్పేసిన గంజి. ముందు ఎవరికి పొయ్యాలి? దాలమ్మ ఒక్కొక్కరి చేతి మీద చర్మం గిల్లి వదిలేది. చర్మం వెంటనే సర్దుకుంటే ఆగమనేది. మడత మడతలాగే నిలబడితే ఒంట్లో నీరు ఇంకిపోయినట్టే, గరిటె ముందు అక్కడికే.

ఉప్పుమళ్ళ ఆసామి నాయుడు చాప మీంచే అరిచాడు. “ఈ మళ్ళు నావి, ఈ కొట్టు నాది. ముందు నాకు పొయ్యవే!”

“నోరుంది కదా నాయుడుబాబూ, ఆగు. నోరు లేనోళ్ళ కాడికి పోయొస్తాను.”

డప్పు కొట్టే సన్నాసి మూలిగాడు. “ఒలే దాలీ, నీ పెళ్ళికి డప్పు కొట్టినోణ్ణే!”

“ఇంకా వాయిస్తానే ఉన్నావు కదా మావా, ఆగు. నోరు లేనోళ్ళ కాడికి పోయొస్తాను.”

పైడి ఏడ్చింది. “అమ్మా, నేనే.”

దాలమ్మ కాళ్ళు అటే లాగాయి. కానీ మూలన ఒక బండివాడు, ఊరూ పేరూ తెలియనివాడు, కళ్ళు లోతుకుపోయి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు. గిల్లితే మడత మడతలాగే ఉంది.

“పిలుస్తానే ఉండు తల్లీ. నీ పిలుపు వింటానే పోసొస్తాను” అని అటు పోయింది. ఆ పిలుపు వింటూ, చుక్క చుక్క అతని నోట్లో పోసింది. అతను కన్ను తెరిచాకే కూతురి దగ్గరికి పరుగెత్తింది.

బండివాడు బతికాడు. పైడి బతికింది. నాయుడూ, సన్నాసీ బతికారు.

మూడోనాటి పొద్దున దాలమ్మ కుండకు చేరగిలబడి కళ్ళు మూసింది.

“పాపం, కునుకు తీస్తంది. ఎవరూ పిలవకండొరే” అన్నాడు సన్నాసి. నాయుడు కూడా నోరు మూసుకున్నాడు. దయేలే! ఆ దయను ఏ గంగలో కలపాలి? అంతమంది నోరున్నవాళ్ళు, నోరెత్తని ఆ మనిషి చెయ్యి ఒక్కరు పట్టి చూడలేదే!

చివరికి పైడే పాక్కుంటూ వెళ్ళి అమ్మ చెయ్యి గిల్లింది. మడత మడతలాగే ఉంది. గరిటెతో గంజి పోసింది. పెదవి మీంచి జారిపోయింది. మూడు రోజులూ అందరికీ పోసిన మనిషి తాను ఒక్క గుక్క తాగలేదు.

అందుకే ఇప్పటికీ ఆ పేటలో పెళ్ళయినా, చావయినా, గంజి పంచేముందు గరిటె పట్టినవాళ్ళ చెయ్యి గిల్లి చూస్తారు. మొదటి గరిటె వాళ్ళకే తాగిస్తారు. రెండోది, అడగనివాళ్ళకి. ఎవరైనా తొందరపడితే పిల్లలు సైతం అంటారు: “నోరుంది కదా, ఆగు. దాలమ్మను తాగనీ.”