లస్త్రి వేసిన రోకటిపోటు

అనగనగా, సముద్రాలు దాటిపోతే జావా అని ఒక పచ్చటి దీవి ఉందమ్మా. ఆ దీవిలో పొగలు కక్కే కొండ ఒకటి, ఆ కొండ ఒళ్ళో ఒక చిన్న ఊరు. కొండ పైనించి కింద దాకా మెట్లు మెట్లుగా వరిమళ్ళు. పై మడి తాగి మిగిల్చిన నీళ్ళు కింది మడికి, అది తాగి మిగిల్చినవి ఇంకా కింది మడికి. ఇళ్ళకి వెదురు తడికెల గోడలు. ప్రతి పెరట్లోనూ కొబ్బరిచెట్టు, దాని కింద బాతులు.

ఆ ఊరికి లస్త్రి అనే పిల్ల కొత్తకోడలుగా వచ్చింది. పుట్టిల్లు సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఊరు. వరిమడి బురదలో కాలు పెట్టింది పెళ్ళయ్యాకే.

ఆ ఊళ్ళో ఒక పెద్ద రోలుండేది. మన రోలులా గుండ్రంగా కాదు. పొడుగాటి దుంగని దోనెలా తొలిచి చేసిన రోలు. దానికి అటూ ఇటూ ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు రోకళ్ళు వేసి వడ్లు దంచేవాళ్ళు.

లస్త్రి దాన్ని చూసి, "మా ఊళ్ళో అయితే దీన్ని నీళ్ళలోకి తోసి చేపలకి పోయేవాళ్ళు, అత్తా" అంది.

అందరూ నవ్వారు. అత్తగారు వాగియెం మాత్రం నవ్వలేదు. "ముందు రోకలి పట్టుకో. పడవ షికారు తర్వాత" అంది.

పట్టుకుంది. అందరి రోకళ్ళూ టక్కు టక్కు టక్కు టక్కుమని ఒక్క తీరున పడుతుంటే, లస్త్రిది ఒకసారి ముందే దబ్బుమంటుంది, ఒకసారి ఆగి ఆగి పడుతుంది. రోకలికి రోకలి తగిలి వడ్లన్నీ నేలపాలు. కోళ్ళకి మాత్రం పండగే.

ఆ తర్వాత చంద్రగ్రహణం వచ్చింది. అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు ఖాళీ రోలుని రోకళ్ళతో వాయిస్తారు. ఆ మోతకి రాక్షసుడు బెదిరి, మింగిన చంద్రుణ్ణి వదిలేస్తాడట. లస్త్రి కూడా వాయించింది. మళ్ళీ అదే తీరు. ఆ గ్రహణం చాలాసేపు విడవలేదు.

పక్కింటి తుకినాకి నోరు ఊరుకోదు. "కోడలు పోటుకి పోటుకి మధ్య అంత సందిస్తే, ఆ రాక్షసుడు నిమ్మళంగా నమిలి తిన్నాడమ్మా" అంది.

అప్పుడు వాగియెం కోడలి చేతిలోంచి రోకలి తీసేసుకుంది. "నువ్వు వంట చూసుకో లస్త్రీ. రోలు దగ్గర మేమున్నాంలే" అంది. తిట్టినా బాగుండేది. అంత మెల్లగా అన్నందుకే లస్త్రికి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎందుకంటావా? ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. వాళ్ళు వరిని కొడవలితో కొయ్యరు. మన లక్ష్మీదేవిలాగా వాళ్ళకీ శ్రీ అనే వరితల్లి ఉంది. చేలో కొడవలి తళుక్కుమంటే ఆ తల్లి బెదిరిపోతుందని, అరచేతిలో దాగిపోయేంత చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నే కోస్తారు. ఆ కత్తిని కోడలికి అత్త ఇవ్వాలి. రోలు దగ్గర చోటు సంపాదించుకున్న కోడలికే ఇస్తుంది. కత్తి లేని కోడలు గట్టు మీద కూచుని పనలు కట్టాల్సిందే. లస్త్రికి ఆ బుజ్జి కత్తి మీదే మనసంతా.

ఆ యేడు వరి బాగా ఈనింది. గింజ పాలుపోసుకుంది. పోయినేడు పంట సగం పోయి ఊరంతా అన్నంలో కర్రపెండలం దుంపలు కలుపుకుని తిన్నారు. ఈసారైనా అచ్చంగా అన్నమే వండుకోవాలని అందరికీ ఆశ.

అప్పుడు వచ్చాయమ్మా వడ్లపిట్టలు! గుప్పెట్లో పట్టేంత గోధుమరంగు పిట్టలు. దుప్పటి దులిపినట్టు మడి మీద వాలి, ఒక్కో గింజ నొక్కి పాలు పీల్చేసి, ఉత్త పొట్టు వదిలేసి పోయేవి.

మొదట, లస్త్రి మొగుడు పార్మిన్ గడ్డిబొమ్మ చేసి, తన చొక్కా తొడిగి, తాటాకు టోపీ పెట్టి నిలబెట్టాడు. ఒక పూట పిట్టలు దూరంగా ఉన్నాయి. మర్నాటికి ఆ టోపీ మీదే కూచున్నాయి.

"నీ చొక్కా వాటికి అలవాటైపోయింది పార్మిన్. రోజూ అదే వేస్తావుగా" అంది తుకినా.

ఆ తర్వాత మగవాళ్ళు మంచె కట్టి, అక్కణ్ణించి మళ్ళ మీదుగా తాళ్ళు లాగి, తాళ్ళకి వెదురు చిడతలు కట్టారు. తాడు లాగితే టకటకా. రెండు రోజులు పిట్టలు లేచి పారిపోయాయి. మూడోనాడు తాళ్ళ మీదే వరసగా కూచుని ఊగడం మొదలుపెట్టాయి.

అప్పుడు వాగియెంకి ఒక ఆలోచన వచ్చింది. "చంద్రుణ్ణి మింగినవాడే మన రోలు మోతకి బెదురుతాడు. పిడికెడు పిట్ట బెదరదా?"

ఊరు ఊరంతా కలిసింది. రోలు కింద వెదుళ్ళు దూర్చి, భుజాన వేసుకుని, జారే గట్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ మోసుకెళ్ళారు. మళ్ళ నడుమ దించి, ఆడవాళ్ళు మొదలుపెట్టారు. టక్కు టక్కు టక్కు టక్కు! పిట్టలన్నీ గాల్లోకి లేచాయి. మగవాళ్ళు టోపీలు ఎగరేశారు.

కానీ ఆ సంబరం పొద్దు వాలేదాకానే. మర్నాడు రోకళ్ళు అలా పడుతూనే ఉన్నాయి, పిట్టలు ఇలా తింటూనే ఉన్నాయి. ఆ తీరు కూడా వాటికి వచ్చేసిందమ్మా. పోటుకీ పోటుకీ మధ్య దర్జాగా గింజ నొక్కుతున్నాయి. వాగియెం కూలబడిపోయి, "ఇంక మళ్ళీ దుంపలే" అంది.

లస్త్రి అప్పుడే అన్నం మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. దుంప కలిపిన అన్నమే, అరిటాకుల్లో కట్టింది. చూస్తే తుకినా రోకలి పక్కన పెట్టేసి అరచేతుల్లో బొబ్బలు ఊదుకుంటోంది. లస్త్రి మూట దించింది. అత్త వైపు చూడకుండా ఆ రోకలి అందుకుని, ఒక్క పోటు వేసింది.

దబ్బు!

ఎవరూ అనుకోని చోట పడిందది. దగ్గర్లోని పిట్టలు గుప్పుమని లేచాయి. మళ్ళీ వాలబోయేసరికి, దబ్బు దబ్బు! అని రెండు. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. హమ్మయ్య అని పిట్టలు వంగాయో లేదో, దబ్బు!

"ఏయ్, ఆపు. వరస చెడుతోంది" అంది వాగియెం అలవాటుకొద్దీ.

లస్త్రి ఆపింది. పిట్టలు వాలాయి.

వాగియెం మడి వైపు చూసింది. కోడలి వైపు చూసింది. మళ్ళీ మడి వైపు చూసింది. "ఇంకోసారి వెయ్యి" అంది.

వేసింది. పిట్టలు లేచాయి.

అప్పుడు వాగియెం చీరకుచ్చెళ్ళు బిగించినట్టు నడుంగుడ్డ బిగించి లేచింది. "మీరందరూ ఎప్పట్లాగే వెయ్యండి. మధ్యలో అది దానిష్టం వచ్చినట్టు వేస్తుంది" అంది.

ఇంక చూడూ! అందరి రోకళ్ళూ ఒక తీరున పడుతుంటే, లస్త్రి రోకలి వాటి సందుల్లోంచి దూకింది. విననివాళ్ళకి చెప్పలేం, విన్నవాళ్ళ కాళ్ళు వాటంతటవే ఆడాయట. పిట్టలు లేస్తాయి, వాలబోతాయి, మళ్ళీ లేస్తాయి. ఎప్పుడు పడుతుందో తెలిస్తేగా అలవాటు పడడానికి. తిరిగి తిరిగి రెక్కలు నొప్పెట్టి, చివరికి గుంపు గుంపంతా కొండ అవతల అడవికి ఎగిరిపోయింది.

"ఈ పోటు ఎక్కడ నేర్చావే?" అని అడిగింది వాగియెం.

"ఒడ్డున కూచుని ఎండురొయ్యలు దంచేవాళ్ళం, అత్తా. అల విరిగినప్పుడల్లా రోకలి వేసేదాన్ని. ఎప్పుడు విరుగుతుందో అలకే తెలీదుగా. చెయ్యి అలాగే అలవాటైపోయింది."

గింజ గట్టిపడి వెన్నులు బంగారంలా వంగేదాకా, ఆడవాళ్ళు వంతులేసుకుని రోలు వాయించారు. లస్త్రి లేని వంతు లేదు. తుకినా తన వంతు కాకపోయినా వచ్చి పక్కన నిలబడేది, ఆ పోటు నేర్చుకుందామని. ఎంతకీ వస్తేనా!

కోతరోజు తెల్లవారగానే పూలు, అన్నం, అరటిపళ్ళు మడి మూల పెట్టి వరితల్లికి దణ్ణం పెట్టారు. అప్పుడు వాగియెం కోడలి చెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పి, తన కత్తి పెట్టింది. తన అత్త తనకిచ్చిన కత్తి, పిడి అరిగి నున్నగా మెరుస్తోంది. "మొదటి వెన్ను నువ్వే కొయ్యి" అంది. లస్త్రి కత్తిని అరచేతిలో దాచుకుని, చెవిలో రహస్యం చెప్పినంత మెల్లగా కోసింది. ఆ సాయంత్రం ఊళ్ళో ప్రతి పొయ్యి మీదా అన్నమే ఉడికింది. దుంప ముక్క ఒక్కటి కూడా కలపలేదు.

ఆ తర్వాత మళ్ళీ గ్రహణం వచ్చింది. ఎవరూ రోకలెత్తలేదు. లస్త్రి కోసం చూస్తున్నారు. లస్త్రి వచ్చింది, వేసింది, దబ్బు! ఆ రాక్షసుడు ఉలిక్కిపడి చంద్రుణ్ణి తుపుక్కున ఊసేశాడట.

"నమిలే తీరికే ఇవ్వలేదు కదమ్మా వాడికి" అంది తుకినా.

గింజ గాదెకి, పిట్ట గూటికి,
రోకలి మూలకి, చందమామ మింటికి,
కథేమో కంచికి, నిద్రేమో నీ కంటికి.